పసిపిల్లల బాగోగులు ఎవరి బాధ్యత?

(మహిళా కార్యకర్తలకూ, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవారికీ ఏర్పాటుచేసిన శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల సంక్షేమం కోసం ప్రభుత్వాల మీద ఒత్తిడి తేవడం ఎలా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పిల్లల హక్కులు అనగానే మనకి బడి, బాలకార్మికులు, బాల్యవివాహాలు గుర్తొస్తాయి. ఇవన్నీ ముఖ్యమైనవే. వీటి మీద మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతో పని జరిగింది. మీలో చాలామంది ఆ పనిలో ఉన్నవాళ్లే. అయితే ఈ రోజు నేను బడి ఈడుకి రాని పిల్లల గురించి, అంటే పుట్టిన దగ్గర్నుంచి ఆరేళ్ల లోపు పిల్లల గురించే మాట్లాడతాను. దీనికి రెండు కారణాలున్నాయి. మన చట్టాల్లో అన్నిటికన్నా తక్కువ హక్కులున్నది ఈ వయసు వాళ్లకే. స్త్రీల శ్రమకీ పిల్లల బాగుకీ ఉన్న సంబంధం ఈ వయసులో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

ఒక విషయం మీరూ గమనించే ఉంటారు. స్త్రీల సమస్యల మీద జరిగే సమావేశాల్లో పిల్లలు ఆడవాళ్ల మీద పడిన బరువుగా కనిపిస్తారు. పిల్లల హక్కుల సమావేశాల్లోనేమో తల్లి పిల్లల్ని పెంచే సాధనంగా మాత్రమే కనిపిస్తుంది. ఆమెకి పోషకాహారం గురించి తెలియదనీ, శుభ్రత తెలియదనీ, ఆమెకి 'అవగాహన' కల్పించాలనీ అంటారు. ఒకచోట బిడ్డ, మరోచోట తల్లి కనిపించకుండా పోతారు. ఈ రెండు చర్చల్నీ కలిపి చూడాలన్నది నా ప్రయత్నం.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. పసిపిల్లల విషయంలో మన ప్రభుత్వ విధానాలు ఒక నమ్మకం మీద నిలబడి ఉన్నాయి. ఇంట్లో తల్లి ఉంటుంది, ఆమెకి తీరిక ఉంటుంది, ఆమె చేసే పని ప్రేమతో చేసేది కాబట్టి దానికి డబ్బు ఇవ్వనక్కర్లేదు అన్నదే ఆ నమ్మకం. దీన్ని కదిలించకుండా పిల్లల కోసం ఎన్ని పథకాలు పెట్టించినా అవి సగంలోనే ఆగిపోతాయి. ఎందుకలా జరుగుతుందో వివరించడానికి ప్రయత్నిస్తాను.

చట్టంలో ఆరేళ్ల ఖాళీ

మన రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చినప్పుడు, 45వ అధికరణంలో ఒక మాట ఉంది. పదేళ్లలోగా, 14 ఏళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలని. ఇందులో పై వయసు చెప్పారు కాని కింది వయసు చెప్పలేదు. పుట్టిన బిడ్డ కూడా ఆ మాట పరిధిలోకి వస్తుందని వాదించడానికి అవకాశం ఉండేది. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో 14 ఏళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ కేసు ప్రైవేటు మెడికల్, ఇంజనీరింగు కాలేజీల ఫీజుల గురించి వచ్చింది. అందులో ప్రతివాది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆ తీర్పులోనూ కింది వయసు పరిమితి లేదు.

2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చింది. విద్య ప్రాథమిక హక్కు అయిందని మనమందరం సంతోషించాం. కాని ఆ హక్కు 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకే. ఆరేళ్లలోపు పిల్లల్ని మళ్లీ 45వ అధికరణానికే, అంటే ఆదేశిక సూత్రాల్లోకే పంపించారు. వాళ్ల సంరక్షణకి, విద్యకి రాజ్యం 'ప్రయత్నించాలి' అని రాశారు. 2009 విద్యాహక్కు చట్టంలో 11వ సెక్షన్ చూడండి. మూడేళ్లు దాటిన పిల్లలకి పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వాలు ఏర్పాట్లు 'చేయవచ్చు' అంటుంది. చేయాలి అనదు. మిగిలిన చట్టం అంతా చేయాలి అన్నచోట, ఇక్కడ మాత్రం చేయవచ్చు అంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆరేళ్లు, ఆ లోపు పిల్లలు మన దేశంలో 16 కోట్ల పైనే ఉన్నారు. ఇంతమంది పిల్లల సంరక్షణ, చదువు ఆ ఒక్క క్రియాపదం మీద ఆధారపడి ఉన్నాయి.

ఇది పొరపాటున వదిలేసిన ఖాళీ అని నేను అనుకోవడం లేదు. ఆరేళ్ల బిడ్డ బడికి వెళితే అక్కడ టీచరు కావాలని, ఆ టీచరుకి జీతం ఇవ్వాలని అందరూ ఒప్పుకుంటారు. రెండేళ్ల బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ బిడ్డని చూసుకునే మనిషి ఇంట్లోనే ఉందనీ, ఆమెకి ఖర్చేమీ కాదనీ లెక్క వేసుకుంటారు. చట్టంలో ఉన్న ఖాళీని ఇంట్లో స్త్రీ తన శ్రమతో పూడుస్తుంది.

ప్యాకెట్టు ఇంటికి చేరాక

1975 అక్టోబరు 2న, దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే మనం ఐ.సి.డి.ఎస్. అని పిలుచుకునేది, మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకి ఆరోగ్య విద్య, పిల్లలకి బడికి ముందు చదువు, ఇవీ ఆరు సేవలు. పసిపిల్లల కోసం ఇంత విస్తృతంగా పనిచేసే వ్యవస్థ ప్రపంచంలోనే తక్కువ. దీన్ని మనం కాపాడుకోవాలి. కాపాడుకుంటూనే అది ఎక్కడ ఆగిపోతోందో కూడా చూడాలి.

మూడేళ్లు దాటిన పిల్లలు అంగన్‌వాడీకి వస్తారు, అక్కడ వండింది తింటారు. మూడేళ్ల లోపు పిల్లలకి మన రాష్ట్రాల్లో బాలామృతం పొడి ప్యాకెట్టు ఇంటికి ఇచ్చి పంపుతారు. ప్యాకెట్టు ఇంటికి చేరింది కాబట్టి రిజిస్టరులో ఆ బిడ్డకి ఆహారం అందినట్టే. ఇక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించండి. ఏడాది బిడ్డ కడుపు చిన్నది. ఒకేసారి ఎక్కువ తినలేదు. రోజుకి మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ కొంచెం కొంచెంగా, ఓపికగా తినిపించాలి. తల్లి తెల్లవారకముందే లేచి వంట చేసి, పొద్దున్నే మిరప కోతకో, పత్తి తీతకో ఆటో ఎక్కి వెళ్లిపోతుంది. సాయంత్రం చీకటి పడ్డాక వస్తుంది. ఈలోపు ఆ పొడి కలిపి తినిపించే చేతులు ఎవరివి? ముసలి అత్తవి కావచ్చు. చాలా ఇళ్లల్లో ఎనిమిదేళ్ల అక్కవి.

నేను పరిశోధన కోసం కూలి కుటుంబాలతో మాట్లాడినప్పుడు పదేపదే విన్నది ఇదే. తల్లులకి పిల్లలకి ఏం పెట్టాలో తెలుసు. గుడ్డు మంచిదని తెలుసు, పప్పు మంచిదని తెలుసు. వాళ్లకి లేనిది పగటిపూట బిడ్డ దగ్గర ఉండే వీలు. మనం ఆరోగ్య విద్య పేరుతో వాళ్లకి తెలిసిన విషయాల్నే మళ్లీ చెబుతున్నాం.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో కనీస స్థాయిలో సరిపడా ఆహారం అందుతున్నవారు 11.3 శాతమే. ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు ఎదగనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. రక్తహీనత ఉన్న పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచీ హైదరాబాదులోనే ఉంది. ఏం తినాలన్న విజ్ఞానానికి మనకి కొదవ లేదు. తినిపించే మనిషి, ఆమె సమయం, ఆ సమయానికయ్యే ఖర్చు మాత్రం ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

తల్లిపాల విషయమూ అంతే. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప మరేదీ ఇవ్వొద్దని ప్రచారం చేస్తాం. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కూడా ఆరు నెలల లోపు బిడ్డ విషయంలో తల్లిపాలని ప్రోత్సహించాలనే చెప్పింది. అదే చట్టం 4వ సెక్షన్‌లో గర్భిణులకి, బాలింతలకి 6,000 రూపాయలకి తగ్గకుండా ప్రసూతి సహాయం ఇవ్వాలని రాసింది. 2017లో కేంద్రం ప్రధానమంత్రి మాతృ వందన యోజన తెచ్చి, దాన్ని మొదటి కాన్పుకే పరిమితం చేసి, 5,000 రూపాయలు చేసింది. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే సహాయం ఇచ్చే మార్పు 2022లో వచ్చింది. ఐదు వేల రూపాయల్ని ఆరు నెలలకి, అంటే 180 రోజులకి పంచి చూడండి. రోజుకి 28 రూపాయలు కూడా రావు. అదే 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, సంఘటిత రంగంలో ఉద్యోగం చేసే స్త్రీకి 26 వారాలు పూర్తి జీతంతో సెలవు ఇచ్చారు. ఆ సెలవు న్యాయమైనదే. కాని ఒకే దేశంలో, ఒకే సంవత్సరంలో, ఒక బిడ్డ తల్లికి ఆరు నెలల జీతం, ఇంకో బిడ్డ తల్లికి రోజుకి 28 రూపాయలు. పాలివ్వడానికి ఆరు నెలలూ పట్టేది ఇద్దరికీ. రెండో కాన్పులో మగబిడ్డని కన్న కూలి స్త్రీకి ఆ 28 రూపాయలు కూడా లేవు. జనాభా నియంత్రణ పేరుతో తల్లికి వేసిన ఈ శిక్ష చివరికి పడేది బిడ్డ మీదే.

ఎవర్ని లెక్కపెడతారు?

ఇక క్రెష్‌ల సంగతి. పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్న ఆలోచన మన చట్టాలకి కొత్త కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. మొదట 50 మంది స్త్రీలు పనిచేసేచోట అన్నారు, 1976లో దాన్ని 30కి తగ్గించారు. 1951 తోటల కార్మికుల చట్టంలో ఉండేది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట పిల్లలకి గది ఉండాలని చెప్పింది.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. అన్నీ స్త్రీల తలలే లెక్కపెట్టాయి. బిడ్డ ఉన్న మగ కార్మికుడికి క్రెష్ అవసరం లేదన్నమాట. ఫలితం ఏమిటంటే, స్త్రీల సంఖ్య ఆ అంకె దాటకుండా చూసుకోవడం యజమానికి లాభసాటి అయింది. ఇటుక బట్టీల దగ్గరికి వెళ్లి చూడండి. ఒడిశా నుంచి మన రాష్ట్రాలకి వచ్చే కుటుంబాలు జంటగా, పిల్లలతో సహా పనిచేస్తాయి. కూలి వెయ్యి ఇటుకలకి ఇంత అని లెక్క. రాసుకునే పేరు మగవాడిది. ఆమె మట్టి తొక్కుతుంది, అచ్చు పోస్తుంది, ఇటుక తిప్పుతుంది, కాని పుస్తకంలో లేదు. పుస్తకంలో స్త్రీ లేనప్పుడు ఆమె బిడ్డ ఎక్కడినుంచి వస్తుంది? ఆమె శ్రమ కనిపించకపోవడం వల్ల ఆమె బిడ్డ హక్కు పోయింది. స్త్రీల హక్కు, పిల్లల హక్కు వేరు కాదని నేను అంటున్నది ఇందుకే.

2017 ప్రసూతి చట్ట సవరణ ఈ పద్ధతిని మార్చింది. 50 మంది ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ ఉండాలంది. స్త్రీలు అనలేదు, ఉద్యోగులు అంది. 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఇదే పద్ధతిని తీసుకుంది. సూత్రం రీత్యా ఇది ముందడుగు. కాని పొలంలో, బట్టీలో, ఇళ్లల్లో పనిచేసే స్త్రీకి '50 మంది ఉద్యోగులున్న సంస్థ' అంటూ ఏదీ లేదు.

అసంఘటిత రంగంలో ఈ దిశగా వేసిన మంచి అడుగు ఒకటుంది. 2005 జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం షెడ్యూలులో, పనిచోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువో వస్తే, కూలికి వచ్చిన స్త్రీలలో ఒకరిని వాళ్లని చూసుకోవడానికి పెట్టి ఆమెకి మిగతావారితో సమానంగా కూలి ఇవ్వాలని రాశారు. అమలు ఎంత బలహీనంగా జరిగిందో మీకు తెలుసు. చాలాచోట్ల పిల్లలు చెట్టుకి కట్టిన చీర ఉయ్యాలలోనే ఉన్నారు. అయినా అక్కడ ఒక సూత్రం ఒప్పుకున్నారు. మట్టి తవ్వడం ఎంత పనో, బిడ్డని చూసుకోవడం అంత పని అని. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. చట్టం పేరు మారినా ఈ సూత్రం పోకుండా చూడటం మన పని.

ఇంకోమాట. క్రెష్ లేకపోతే నష్టపోయేది తల్లీ బిడ్డా మాత్రమే కాదు, పెద్ద కూతురు కూడా. చెల్లిని చంకనేసుకుని తిరిగే అమ్మాయి బడి మానేస్తుంది. 1986 జాతీయ విద్యావిధానం ఈ విషయం గుర్తించింది. తోబుట్టువుల్ని చూసుకునే ఆడపిల్లలు బడికి రావాలంటే పగటిపూట సంరక్షణ కేంద్రాలు కావాలని అందులో రాశారు. బాలకార్మికుల మీద, ఆడపిల్లల చదువు మీద పనిచేస్తున్న మిత్రులు దీన్ని తమ సమస్యగానే చూడాలని కోరుతున్నాను.

గౌరవమే వేతనమా?

ఇప్పుడు అంగన్‌వాడీ కార్యకర్త దగ్గరికి వద్దాం. ప్రభుత్వానికీ పసిబిడ్డకీ మధ్య నిలబడిన మనిషి ఆమె. పిల్లల హక్కుల గురించి మాట్లాడేవాళ్లు తరచు ఆమె విషయం వదిలేస్తారు, అది యూనియన్ల వ్యవహారం అంటారు.

2006 డిసెంబరు నెలలో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. ఆ నెల 13న ఆహార హక్కు కేసులో, పిల్లలందరికీ ఐ.సి.డి.ఎస్. సేవలు అందాలనీ, 2008 డిసెంబరు నాటికి అంగన్‌వాడీల సంఖ్య 14 లక్షలకి పెంచాలనీ, ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న బస్తీ లేదా పల్లె అడిగితే మూడు నెలల్లోగా కేంద్రం పెట్టాలనీ చెప్పింది. దానికి ఆరు రోజుల ముందు, 7న, కర్ణాటక కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ ఉద్యోగం కాదని చెప్పింది. అంటే సేవ హక్కు అయింది, సేవ చేసేది మాత్రం ఉద్యోగం కాలేదు. పిల్లల హక్కుని ఎవరి చేతుల మీదుగా నెరవేర్చాలో ఆ చేతులకి హక్కు లేదు.

ఆమెకి ఇచ్చే దాన్ని మన భాషలో 'గౌరవ వేతనం' అంటాం. 2018లో కేంద్రం తన లెక్కన కార్యకర్తకి నెలకి 3,000 నుంచి 4,500 రూపాయలకి, ఆయాకి 1,500 నుంచి 2,250 రూపాయలకి పెంచింది. మిగతాది రాష్ట్రాలు కలుపుతాయి. 2023 సెప్టెంబరులో తెలంగాణలో అంగన్‌వాడీలు సమ్మె చేశారు. అదే ఏడాది డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సమ్మె మొదలై 42 రోజులు జరిగింది. అప్పటికి అక్కడ కార్యకర్తకి వస్తున్నది 11,500 రూపాయలు. తెలంగాణ కన్నా ఎక్కువ ఇస్తామన్న హామీ నిలబెట్టుకోవాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని వాళ్లు అడిగారు. కేంద్రాల తాళాలు పగలగొట్టించి సచివాలయ సిబ్బందితో నడిపించే ప్రయత్నం జరిగింది. 2024 జనవరిలో అంగన్‌వాడీ సేవల్ని అత్యవసర సర్వీసుల చట్టం, 'ఎస్మా' కిందికి తెచ్చి సమ్మెని నిషేధించారు.

ఇక్కడ ప్రభుత్వం తెలియకుండానే ఒక నిజం ఒప్పుకుంది. జీతం అడిగినప్పుడు ఈ పని స్వచ్ఛంద సేవ. పని ఆపినప్పుడు మాత్రం అత్యవసర సర్వీసు. ఈ రెండు మాటలూ ఒకే పని గురించి ఎలా నిజమవుతాయి? అత్యవసరమైతే దానికి ఉద్యోగ హోదా, జీతం ఉండాలి. స్వచ్ఛందమైతే మానుకునే స్వేచ్ఛ ఉండాలి. మన ఇళ్లల్లో ఆడవాళ్ల పని గురించి వినేది కూడా సరిగ్గా ఇదే కదా? చేస్తున్నంతకాలం అదేం పని అంటారు. ఒక రోజు ఆపితే ఇల్లు ఆగిపోయింది అంటారు. ఇంట్లో ఉన్న పితృస్వామ్య నీతినే ప్రభుత్వం జీతాల పట్టీలో రాసుకుంది.

ఆ సమ్మె రోజుల్లో చాలామంది మంచివాళ్లు కూడా ఒక ప్రశ్న వేశారు. పసిపిల్లల తిండి ఆపి సమ్మె చేయడం న్యాయమా అని. ఈ ప్రశ్నకి మనం తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. ఆ రోజుల్లో పిల్లలకి నష్టం జరిగింది, అది నిజం. కాని ఖాళీ పోస్టుల వల్ల, బిల్లులు నెలల తరబడి రాక కార్యకర్త అప్పు తెచ్చి కూరగాయలు కొనాల్సిరావడం వల్ల, ఒక్క మనిషి మీద సర్వేలూ ఎన్నికల పనీ సెల్‌ఫోనులో ఫోటోలూ వేయడం వల్ల పిల్లలకి సంవత్సరం పొడవునా జరిగే నష్టం వార్త కాదు. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక ఆమె పనిలో కొంత భాగం తూకం నుంచి ఫోనుకి మారింది. 2025లో ఇంటికిచ్చే రేషన్‌కి లబ్ధిదారు ముఖాన్ని ఫోనులో గుర్తించాలన్న నిబంధన కూడా తోడైంది. సిగ్నల్ అందకపోయినా, ముఖం కలవకపోయినా గుమ్మంలో నిలబడి మాట పడేది టీచరమ్మే. పిల్లలకి మేలు జరగాలంటే ఆమె పని పరిస్థితి మారాలి. ఇవి ఎదురెదురు పక్షాలు కావు.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గుజరాత్ నుంచి వచ్చిన కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులనీ, వాళ్లకిచ్చే గౌరవ వేతనం ఆ చట్టం ప్రకారం వేతనమేననీ చెప్పింది. పదహారేళ్లలో వచ్చిన ఈ మార్పు దానంతట అది రాలేదు. దాని వెనక వేలమంది ఆడవాళ్లు రోడ్ల మీద కూర్చున్న రోజులున్నాయి.

తండ్రి ఎక్కడ?

శిశు సంక్షేమం పత్రాలు ఎన్ని తిరగేసినా తండ్రి చాలా అరుదుగా కనిపిస్తాడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవు ఉంది. కూలి తండ్రికి ఏమీ లేదు, ఆయన్ని ఎవరూ అడగరు కూడా. 2019 సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. ఆ పనిలో అసలు పాలుపంచుకోని పురుషులు ఈ లెక్కలోకి రాలేదు. క్రెష్ కావాలని అడగడం అంటే ఇంట్లో పని పంచుకోవడం అక్కర్లేదని కాదు. రెండూ కావాలి. పోషకాహార సమావేశాలకి తల్లుల్నే పిలిచే అలవాటు మన సంస్థలైనా మానుకోవచ్చు. బిడ్డ బరువు చీటీ తండ్రి చేతికి ఇచ్చి చూడండి.

మన సంస్థలు చేయాల్సింది

స్వచ్ఛంద సంస్థల పాత్ర గురించి కొంచెం నిక్కచ్చిగా మాట్లాడతాను. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ నిర్మాణ కూలీల పిల్లల కోసం మొదలుపెట్టిన మొబైల్ క్రెషెస్ వంటి సంస్థలు, ఈ పని చేయడం సాధ్యమేనని చూపించాయి. ఆ చూపించడం అవసరం. కాని పది గ్రామాల్లో క్రెష్‌లు నడిపి, నివేదిక రాసి, నిధులు అయిపోగానే మూసేసే పద్ధతి మనకి అలవాటైంది. మూతపడిన రోజు ఆ పిల్లలకి హక్కు ఉండదు, జ్ఞాపకం మాత్రమే మిగులుతుంది. పైగా మనం తక్కువ జీతానికి ఊరి అమ్మాయిని పెట్టి నడిపితే, ఈ పని ఇంత చవగ్గా అవుతుందని ప్రభుత్వానికి మనమే చెప్పినట్టవుతుంది. మనం నడిపే ప్రతి కేంద్రం, ప్రభుత్వం ఏం చేయాలో, దానికి నిజంగా ఎంత ఖర్చవుతుందో చూపే సాక్ష్యం కావాలి.

డబ్బు సంగతి కూడా మనం నేర్చుకోవాలి. 2008-09 నుంచి కేంద్ర బడ్జెట్‌లో పిల్లల కోసం చేసే కేటాయింపుల్ని విడిగా ఒక పట్టికగా ఇస్తున్నారు. 2021-22లో అది మొత్తం బడ్జెట్‌లో 2.46 శాతం. 2015-16లో రాష్ట్రాల పన్నుల వాటా పెంచామన్న పేరుతో ఐ.సి.డి.ఎస్. తొలి కేటాయింపుని అంతకుముందు ఏడాది 18 వేల కోట్ల పైనుంచి 8 వేల కోట్ల పైకి, అంటే సగం కన్నా తక్కువకి దించారు. తర్వాత కొంత పెంచాల్సి వచ్చింది. 2022లో కేంద్రం 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీలకి అనుబంధంగా 17,000 క్రెష్‌ల లక్ష్యం పెట్టుకుంది. దేశంలో ఉన్న అంగన్‌వాడీలు సుమారు 14 లక్షలు. అంటే ఎనభై కేంద్రాలకి ఒకటి. ఇలాంటి లెక్కలు వేయడానికి ఆర్థికశాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. భాగహారం చాలు.

ఏం అడగాలి?

చర్చ కోసం ఐదు విషయాలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణ, పోషణ, విద్య చట్టబద్ధమైన హక్కు కావాలి. విద్యాహక్కు చట్టంలో 'చేయవచ్చు' అన్నచోట 'చేయాలి' రావాలి. మన దేశం 1992లో ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడిక 18వ అధికరణం, పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకి సంరక్షణ సేవలు అందేలా చూడటం రాజ్యం బాధ్యత అని చెబుతోంది. ఇది మనం కొత్తగా కోరుతున్నది కాదు, వాళ్లు ఇచ్చిన మాటే.

రెండోది, కూలి పనికి వెళ్లే స్త్రీలు ఎక్కువగా ఉన్న ప్రతి ఊళ్లో, బస్తీలో, మూడేళ్ల లోపు పిల్లలకి కూలి వేళలకి సరిపోయే క్రెష్ ఉండాలి. పొద్దున ఏడింటికి ఆటో వెళ్లిపోయే ఊళ్లో తొమ్మిదింటికి తలుపు తీస్తే ఉపయోగం లేదు. పక్కనే కర్ణాటక 2023-24 బడ్జెట్‌లో 4,000 గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' పేరుతో క్రెష్‌లు ప్రకటించింది. అక్కడ తలపెట్టింది ఇక్కడ ఎందుకు కాదు?

మూడోది, ప్రసూతి సహాయం ఎన్నో కాన్పు, పుట్టింది ఆడా మగా అన్న షరతులు లేకుండా, ఆరు నెలల కనీస వేతనంతో సమానంగా ఉండాలి.

నాలుగోది, అంగన్‌వాడీ కార్యకర్తకి, ఆయాకి ఉద్యోగ హోదా, కనీస వేతనం, పింఛను ఉండాలి. క్రెష్ పెడితే దానికి వేరే మనిషిని పెట్టాలి. ఉన్న ఆయా మీదే ఇంకో పది మంది పసివాళ్లని వేయకూడదు.

ఐదోది, వలస కుటుంబాల పిల్లల్ని పనిచోటనే లెక్కించాలి. ఆధార్ కార్డు ఏ ఊరిదన్న ప్రశ్న లేకుండా దగ్గర్లోని అంగన్‌వాడీలో చేర్చుకోవాలి. 2006 తీర్పులోని 40 మంది పిల్లల సూత్రాన్ని బట్టీలకి, నిర్మాణ స్థలాలకి వర్తింపజేయమని అడగాలి.

ఇవన్నీ హైదరాబాదులోనో అమరావతిలోనో ఢిల్లీలోనో జరగాల్సినవిగా కనిపించవచ్చు. కాని మొదలుపెట్టడం మీ మండలంలోనే సాధ్యం. ఇక్కడినుంచి వెళ్లాక ఒక పని చేయండి. మీరు పనిచేసే ఒక ఊరినో బస్తీనో తీసుకుని, కూలి ముమ్మరంగా ఉన్న ఒక రోజు పొద్దున పది గంటలకి, మూడేళ్ల లోపు పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో, ఎవరి దగ్గర ఉన్నారో రాయండి. నానమ్మ దగ్గర ఎంతమంది, అక్క దగ్గర ఎంతమంది, పొలంగట్టున ఎంతమంది, తాళం వేసిన ఇంట్లో ఎంతమంది. ఆ అక్క ఏ తరగతిలో ఉండాల్సిందో కూడా రాయండి. ఈ కాగితాన్ని గ్రామసభలో చదవండి, తల్లుల సంతకాలతో పాటు తండ్రుల సంతకాలు కూడా పెట్టించండి, సి.డి.పి.ఓ.కి, కలెక్టరుకి ఇచ్చి రసీదు తీసుకోండి. అంగన్‌వాడీ కార్యకర్తని ఇందులో కలుపుకోండి. తనిఖీకి వచ్చామని ఆమె అనుకోకూడదు, తోడు వచ్చామని అనుకోవాలి. అలాంటి కాగితాలు ఒక జిల్లాలో వంద పోగైతే అది ఏ నివేదిక కన్నా బలమైన వాదన అవుతుంది.

పిల్లలకి ఓటు లేదని, అందుకే వాళ్ల గురించి ఎవరికీ పట్టదని అంటుంటారు. అది సగమే నిజం. వాళ్లని చూసుకునే ఆడవాళ్లకి ఓటు ఉంది. వాళ్ల పని పనిగా లెక్కకి రానంతకాలం ఆ ఓటు పిల్లల దాకా చేరదు. ఇప్పుడు మీ మీ జిల్లాల అనుభవాలు చెప్పండి, వాటి నుంచే చర్చ మొదలుపెడదాం.